మన మాట మాత్రమే వినే గ్యారేజీ తలుపు

మా గ్యారేజీ తలుపు రిమోట్ నొక్కితే లేచేది, ఎప్పుడూ ఏ ఇబ్బందీ పెట్టలేదు. అదే నాకు నచ్చలేదు.

ఫోన్ నొక్కితే తెరుచుకోవాలనుకున్నాను. కొట్లో అమ్మేవి ఉన్నాయి గానీ వాటికి ఇంటర్నెట్ కావాలి. నా ఇంటి తలుపు తెరవడానికి ఎక్కడో ఉన్న కంప్యూటరు అనుమతి నాకెందుకండీ? అందుకని ఇంట్లో వైఫైతోనే నడిచేలా ఒక చిన్న బోర్డు, మోటారుకి స్విచ్చులా పనిచేసే రిలే కొని, వీడియోలు చూస్తూ వైర్లు కలిపి, సబ్బుపెట్టెలో బిగించి పైన మోటారు పక్కన తగిలించాను.

"ఇకమీదట తలుపు మన మాట తప్ప ఎవరి మాటా వినదు," అన్నాను మా ఆవిడతో.

"పోన్లెండి. ఇంట్లో మీ మాట వినేది ఒకటైనా ఉంటుంది."

మొదట్లో అదీ వినలేదు. బెంగతో నాకు తిండి సయించలేదు. ఒక సాయంత్రం ఆవిడ చూస్తుండగా నొక్కితే, తలుపు ఏనుగులా ఘీంకరించి పైకి లేచింది! ఆనందం పట్టలేక, మాతోనే ఉండే అత్తగారి ముందే ఈల వేశాను. తర్వాత కూడా ఆవిడ ఉంటే లేచేది, నేనొక్కణ్ణే ఉంటే మొరాయించేది. సిగ్నల్ గొడవ అనుకున్నాను.

నిన్న అత్తగారికి కంట్లో శుక్లం ఆపరేషన్. ఆ కంటాసుపత్రిలోనే మా ఆవిడ నర్సు. పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ, "తొమ్మిదిలోపు అమ్మని తీసుకురండి. ఇవాళ తప్పితే డాక్టరుగారు మళ్ళీ నెలకి గానీ దొరకరు. టాక్సీ పిలవనా?" అంది.

"ఇంట్లో కారుండగా టాక్సీ ఎందుకే?"

అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి ఫోన్ నొక్కాను. తలుపు కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఫోన్‌లో 'తెరుచుకుంది' అని వస్తోంది, ఎదురుగా రేకు అలాగే ఉంది. వైఫై ఆపి మళ్ళీ వేశాను. స్టూలెక్కి సబ్బుపెట్టెని కదిపాను, కొట్టాను, బతిమాలాను. చేత్తో ఎత్తుదామా అంటే, మోటారు నుంచి తలుపుని విడదీసే తాడు తలకి తగులుతోందని నేనే కత్తిరించేశాను.

అంతలో ఆవిడ ఫోన్. "బయల్దేరారా?"

"ఆఁ, దారిలో ఉన్నాం."

"దారిలో ఉంటే మా అమ్మ 'అల్లుడుగారూ, స్టూలు జాగ్రత్త' అంటోందేంటి?"

"తలుపు రావట్లేదే! పాత రిమోట్ ఎక్కడ పెట్టావ్?"

"స్పీకర్లో పెట్టండి," అంది. పెట్టాను.

"అమ్మా, నువ్వెందుకు నొక్కలేదు?"

అత్తగారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పాత రిమోట్ తీశారు. "ఆయనెప్పుడు నొక్కుతున్నారో నాకు కనబడితేగా? కనబడితే ఆపరేషనెందుకు?"

"అంటే... ఇన్నాళ్ళూ?" అన్నాను.

"మీరు తిండి మానేస్తే చూడలేక నేనే నొక్కేదాన్నండీ," అంది ఆవిడ. "ఇవాళ నేనుండను కదా అని అమ్మకిచ్చి వచ్చాను."

నేను స్టూలు దిగాను. అత్తగారు రిమోట్ మీద వేలు పెట్టి మర్యాదగా నా కోసం ఆగారు.

"అల్లుడుగారూ, మీరు నొక్కేటప్పుడు ఒక్క కేక వెయ్యండి. ఇద్దరం కలిసి నొక్కుదాం."

టైమైపోతోంది మరి. కేక వేశాను. తలుపు లేచింది.

ఫోన్ కూడా నొక్కాననుకోండి.