చరిత్ర చదివి ఏమవుతాడు?

ఆ పొద్దున కోడలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటి బస్సుకు మరిదిని వెంటబెట్టుకుని యూనివర్సిటీకి వెళ్లాలి. ఫారం ఇవ్వాలి. ఒంటిగంటకల్లా ఇంట్లో ఉండాలి, ఎందుకంటే రెండున్నరేళ్ల కూతురు ఒంటిగంటకు నిద్రపోకపోతే సాయంత్రం దాకా ఎవర్నీ బతకనివ్వదు. ఇంతకు మించి ఆ రోజు నుంచి ఆమె ఏమీ ఆశించలేదు.

నిజానికి వెళ్లవలసింది మామగారు. విద్యుత్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఖాళీ గడి కనిపిస్తే నింపకుండా, గీత కనిపిస్తే సంతకం పెట్టకుండా ఉండలేరు. కానీ ముందురోజు మేడమెట్ల మీద మోకాలు బెణికి, కాలి కింద రెండు దిండ్లు పెట్టుకుని మంచం మీద నుంచే ఇల్లు నడుపుతున్నారు. భర్త టైర్ల కంపెనీ పని మీద ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడు. అత్తగారికి క్యూ అంటే పడదు. మిగిలింది కోడలు. పదకొండో తరగతి మధ్యలో చదువు మానేసిన ఆమెకు బల్ల అవతల ఎవరు కూర్చుని ఉన్నా అరచేతులకు చెమట పడుతుంది.

"చూడమ్మా, ఫారం మొత్తం నేనే నింపాను. సంతకాలు కూడా అయిపోయాయి. సబ్జెక్టు గడి ఒక్కటే ఖాళీ. దానికేదో నంబరుంటుందట, అక్కడ అడిగి కామర్స్ నంబరు వేయించు. వాడి మాట మాత్రం వినకు," అన్నారు మామగారు.

వాడంటే, గుమ్మం తలకు కొట్టుకోకుండా వంగి లోపలికి వస్తున్న మరిది. ఇంట్లో అందరూ పొడుగు అంటారు. పొడుగుకు చరిత్ర చదవాలని కోరిక. పోయినేడు ఈ తగువు తెగేలోపు గడువు తీరిపోయి, ఏడాది గాల్లో కలిసిపోయింది.

"ఇంతకీ చరిత్ర చదివి ఏమవుతాడు?" మామగారు ఈ ప్రశ్న రోజుకు నాలుగుసార్లు గోడను అడిగేవారు.

"మ్యూజియంలో పని చెయ్యొచ్చు నాన్నా."

"పగిలిన కుండలకు కాపలా."

"పాత రికార్డుల శాఖలో చేరొచ్చు."

"బూజు దులపడానికి డిగ్రీ ఎందుకురా? మీ అమ్మ దులపట్లేదూ?"

"పేపర్లో రాయొచ్చు, పాఠాలు చెప్పొచ్చు, పోటీ పరీక్షలకు..."

"అన్నీ 'ఒచ్చు'లే! కామర్స్ చదివినవాడు అవుతాడు. నువ్వు 'అవ్వొచ్చు' దగ్గరే ఆగిపోతావు."

పాప ఈ మధ్యే రెండో వాక్యం నేర్చుకుంది. మొదటిది "నాకొద్దు". రెండోది "ఏమవుతాడు?" పిల్లిని చూసినా, పాలవాణ్ణి చూసినా అదే అడుగుతోంది.

"మార్కుల లిస్టులు అల్మారా రెండో అరలో నీలం ఫైల్లో ఉన్నాయి," అన్నారు మామగారు. రెండో అరలో నీలం ఫైళ్లు రెండున్నాయి. ఏదని అడిగితే ఆ మాత్రం తెలీదా అంటారేమోనని, కోడలు రెండూ సంచిలో వేసుకుంది.

యూనివర్సిటీ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి మాత్రం గుమస్తా దాకానే వెళ్తోంది. అరగంట నిలబడ్డాక, ఫారానికీ మార్కుల లిస్టులకీ రెండేసి జిరాక్సులు కావాలని ఎవరో చెప్పారు. "నువ్వు లైన్లో ఉండు వదినా, చిటికెలో వస్తా," అని పొడుగు ఫారం జిరాక్సు తీయించడానికి పరుగెత్తబోయాడు. అంతలో లైను కదిలింది. ఫారం పోతే వరసా పోతుందన్న భయంతో వదిన దాన్ని వదల్లేదు. చివరికి పొడుగు తన మార్కుల ఫైలు మాత్రం పట్టుకుని వెళ్లాడు. ఫారం, పాప, రెండో నీలం ఫైలు ఆమె దగ్గర మిగిలాయి.

కిటికీ దగ్గరికి చేరేసరికి గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

"ఫొటో ఏదమ్మా?" అన్నాడు గుమస్తా.

ఫారం మీద ఫొటో ఉండాల్సిన చోట జిగురు మరక ఉంది. బస్సులో పాప ఎందుకంత బుద్ధిగా కూర్చుందో తల్లికి అప్పుడర్థమైంది. కంగారుగా ఫైలు తెరిచి కాగితాలన్నీ బల్ల మీద గుమ్మరించింది. అదృష్టవశాత్తూ ఒక స్టాంపు సైజు ఫొటో దొరికింది. అదే ముక్కు, అదే పొడుగు మెడ, అదే దిగులు. నలుపు తెలుపులో ఎందుకు తీయించుకున్నాడో మాత్రం తెలియలేదు. ఈ కాలం పిల్లల పిచ్చి అనుకుంది.

గుమస్తా ఫొటో అంటించాడు. బల్ల మీద పడ్డ మార్కుల లిస్టులు తనే ఏరుకుని, ఫారం పక్కన పెట్టి చూశాడు. కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టుకున్నాడు.

"మధ్యలో ఆగిన చదువన్నమాట."

"అవునండీ, మధ్యలో ఆగిపోయింది."

"ఏం, ఎందుకని?"

"తండ్రి ఒప్పుకోలేదండీ. చరిత్ర చదివి ఏమవుతావన్నారు."

"అయ్యో పాపం. మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మామగారే దగ్గరుండి ఫారం నింపి సంతకం పెట్టారండీ."

గుమస్తా ఆ సంతకాన్ని కాసేపు గౌరవంగా చూశాడు. "పట్టుదల గల మనిషమ్మా. ఇలాంటివాళ్లు అరుదు. సరే, చరిత్ర అని వేసేస్తున్నా."

"అయ్యయ్యో, కాదండీ! కామర్స్ వేయాలి!"

"మధ్యలో ఆపినవాళ్లు మళ్లీ చేరితే సబ్జెక్టు మార్చడానికి లేదు. చరిత్రంటే చరిత్రే. వద్దంటే ఫారం వెనక్కి తీసుకోండి. ఇవాళే ఆఖరు, పన్నెండింటికి కిటికీ మూస్తా."

పోయినేడు పొడుగు ఇంట్లో చెప్పకుండా చరిత్ర ఫారం ఇచ్చి ఉంటాడని, అదే ఇప్పుడిలా కొంప ముంచిందని అనుకుంది కోడలు. వెంటనే ఇంటికి ఫోను కొట్టింది. అత్తగారు ఎత్తారు.

"అత్తయ్యా, మామయ్యగారికి ఇవ్వండి, తొందర!"

"కుంటుకుంటూ ఇప్పుడే స్నానానికెళ్లారమ్మా. అరగంట పడుతుంది."

"ఇక్కడ చరిత్రే అంటున్నారు. కామర్స్ కుదరదట. ఏం చెయ్యమంటారు?"

"నాకేం తెలుసమ్మా? నీ ఇష్టం."

పెళ్లయిన ఐదేళ్లలో ఆ ఇంట్లో ఆమెకు ఆ మాట దక్కడం అదే మొదటిసారి. దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. వెనకాల లైను గొణుగుతోంది. పాప గుమస్తా వైపు వేలు చూపించి "ఏమవుతాడు?" అంటోంది. ఒకప్పుడు ఆమె పరీక్ష ఫారాన్ని కూడా పుట్టింటివాళ్లు ఇలాగే ఆఖరిరోజు వెనక్కి తీసుకున్నారు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు. వచ్చే ఏడు అనేది ఎంత దూరమో ఆ హాల్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"చరిత్రే వేసెయ్యండి," అంది, కళ్లు మూసుకుని.

పన్నెండు దాటాక జిరాక్సులతో రొప్పుతూ వచ్చిన పొడుగు ఆ మాట విని, పాపను ఫ్యాను దాకా ఎగరేసినంత పనిచేశాడు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి మామగారు గుర్తొచ్చారు. ఇంటికి చేరగానే ఆయన మంచం మీద నుంచే అడిగారు.

"నంబరు వేయించావా అమ్మా?"

"వేయించాను మామయ్యగారూ." అందులో అబద్ధం లేదు.

నాలుగోరోజు పొద్దున మామగారి ఫోను మోగింది. ఎడమచెవి సరిగా వినబడక ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతారు. అందువల్ల ఇల్లంతా విన్నది.

"యూనివర్సిటీ నుంచండీ. అభినందనలు! చరిత్ర రెండో సంవత్సరంలో మీకు ప్రవేశం దొరికింది."

మామగారి కళ్లు కోడలి మీదకు, అక్కణ్ణుంచి కొడుకు మీదకు తిరిగాయి. "చరిత్రా? అది సరే, రెండో సంవత్సరమేమిటి? మావాడింకా మొదటి సంవత్సరమే చదవలేదు!"

"మీవాడు కాదు సార్, మీరే. మొదటి సంవత్సరం నలభై ఒక్కేళ్ల కింద పాసయ్యారుగా? మంచి మార్కులు కూడా. మీ పాత నంబరే ఇచ్చాం."

మామగారు ఫోను పెట్టేయబోయి, కంగారులో శబ్దం ఇంకా పెంచారు. "చరిత్రలో క్లాసు ఫస్టట సార్ మీరు!" అని ఫోను వీధి దాకా వినిపించింది.

వంటింట్లోంచి అత్తగారు మెల్లగా బయటికొచ్చారు. "సంబంధం మాట్లాడేటప్పుడు మా నాన్నతో కామర్స్ అని చెప్పారు కదూ?"

"మా నాన్న మధ్యలో మాన్పించాడు," అన్నారు మామగారు, మోకాలి వైపు చూస్తూ. "చరిత్ర చదివి ఏమవుతావురా అన్నాడు."

"అందుకా ఆఫీసులో ప్రతి ఫ్యూజు ఫైలుకీ వంశవృక్షం రాసేవారు!"

తప్పెక్కడ జరిగిందో తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. పొడుగుకు తాతగారి పేరే పెట్టారు. ఫారంలో అభ్యర్థి పేరు అన్నచోట, ముప్పై నాలుగేళ్ల అలవాటు కొద్దీ మామగారు తన పేరు రాసుకున్నారు. తండ్రి పేరు అన్నచోట తన తండ్రి పేరు రాశారు. ఉండాల్సిన పేర్లు రెండూ ఉన్నాయి కనుక, చూసినవాళ్లెవరికీ అనుమానం రాలేదు. రెండో నీలం ఫైలు కూడా, అందులోని నలుపు తెలుపు ఫొటోతో సహా, ఆయన కాలేజీ నాటిదే.

"మరి నా సీటు?" అన్నాడు పొడుగు. ఇంకో ఏడాది గాల్లో కలవబోతోందని అందరికీ ఒక్కసారే అర్థమైంది.

మర్నాడు మామగారు చేతికర్ర పట్టుకుని, కోడల్నీ కొడుకునీ పాపనీ వెంటబెట్టుకుని యూనివర్సిటీలో పెద్ద ఆఫీసరమ్మ ముందు కూర్చున్నారు.

"ఈ ఫారం తప్పండీ."

ఆవిడ తిరగేసి చూసింది. "ఏదండీ తప్పు? పేరు మీదే. సంతకం మీదే. మార్కులు మీవే. ఫొటో కూడా మీదేగా?"

"మరి సబ్జెక్టు?"

"అదీ మీదే."

మామగారు నీళ్లడిగి తాగారు. "మావాడి సంగతి చూడండమ్మా. వాడికి కామర్స్‌లో..."

"కామర్స్ ఎప్పుడో నిండిపోయింది. సీట్లు మిగిలిన సబ్జెక్టుల్లో శనివారం దాకా కొత్త ఫారాలు తీసుకుంటాం. చరిత్రలో ఇరవై రెండు ఖాళీలున్నాయి. ప్రతి ఇంట్లోనూ మీలాంటి పెద్దవారు ఒకరుంటారు కదా."

ఈసారి ఫారం కోడలు దగ్గరుండి నింపించింది. ఒక్కో గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ అబ్బాయి పేరు మామయ్యగారూ, మీది కాదు. మీది దీని కింద," అంటూ చెప్పింది. తండ్రి అన్నచోట సంతకం పెట్టడానికి మామగారికి రెండు నిమిషాలు పట్టింది గానీ, పెట్టారు. పొడుగు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇక మీ సీటు రద్దు చేసుకోవాలంటే ఇక్కడో సంతకం," అని ఆఫీసరమ్మ ఇంకో కాగితం ముందుకు జరిపింది.

కాగితం మీద గీత ఉంది. గీత పక్కన చుక్కలున్నాయి. మామగారు ఆ గీతను చాలాసేపు చూసి, కలానికి మూత పెట్టారు.

"మోకాలు నొప్పిగా ఉందమ్మా. తర్వాత చూద్దాం."

"సంతకానికి మోకాలెందుకు నాన్నా?"

"నువ్వూరుకోరా!"

వాళ్లు మెట్లు దిగుతుంటే కోడలు ఒక్కతే వెనక్కి వెళ్లి, పాత గుమస్తా కిటికీ దగ్గర నిలబడింది. "ఏమండీ, పదకొండో తరగతి మధ్యలో ఆపేసినా ఇలాంటిదేమైనా ఉంటుందా?" ఆయన ఒక చీటీ మీద రెండు వీధుల అవతల ఉన్న ఆఫీసు చిరునామా రాసిచ్చాడు. అరచేతి చెమటకు అక్షరాలు చెదరకుండా ఆమె దాన్ని నీలం ఫైల్లో పెట్టుకుంది.

తరగతులు మొదలైన రోజు తొమ్మిదింటి బస్సుకు తండ్రీ కొడుకూ కలిసి బయల్దేరారు. మామగారు ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కొత్త నోటుపుస్తకం పట్టుకున్నారు. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆవిడ చంకలోంచి పాప తాత వైపు వేలు చూపించింది.

"ఏమవుతాడు?"

"కొడుక్కి సీనియర్ అవుతాడు," అని అత్తగారు తలుపు వేసుకున్నారు.