సంపూర్ణమ్మ పొయ్యికి వెలుతురు మంజూరు

లోకంలో వెలుతురు రెండు రకాలు. మంజూరైనది, మంజూరు కానిది. సూర్యుడు, చంద్రుడు, ట్యూబులైటు వగైరాలన్నీ ఆ తరవాత వచ్చే వివరాలు. ఈ సత్యం భవానీపురంలోని కృష్ణాతీర రేంజ్‌ఫైండర్ మిత్రమండలి సభ్యులందరికీ కంఠతా వచ్చు. మండలికి సభ్యులు ఏడుగురు, కెమెరాలు నాలుగు, రబ్బరు స్టాంపులు పదకొండు.

రేంజ్‌ఫైండర్ అంటే తెలియనివారికి రెండు ముక్కలు చెబుతాను. అది పాతకాలపు తరహా కెమెరా. అందులోంచి చూస్తే ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు మీది రింగు తిప్పి ఆ ఇద్దరినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. ఈలోగా ఆ మనిషి లేచి వెళ్లిపోతే అది మనిషి తప్పు. (సెల్‌ఫోన్‌తో తీయొచ్చుగా అని అడిగేవారికి మనవి: మండలి నియమావళి నాలుగో నిబంధన ప్రకారం సమావేశంలో ఆ మాట ఎత్తినవారు ఆ పూట అందరికీ టీ పెట్టి ఇవ్వాలి. నేను రెండుసార్లు పెట్టాను.)

మా అధ్యక్షులు అచ్యుతరామారావుగారు. కాలవల శాఖలో ముప్పై నాలుగేళ్లు లాకుల మీద పనిచేసి రిటైరయ్యారు. లెన్సులో వెలుతురు దూరే కంతను ఆయన తూము అంటారు. లెన్సు మీద రాసిన అంకె చిన్నదయ్యేకొద్దీ తూము పెద్దదవుతుంది. అంటే 2.8 కన్నా 1.4 పెద్ద తూము. చీకటిగా ఉన్నచోట ఫొటో తీయాలంటే పెద్ద తూము కావాలి, దాన్నే ఫాస్ట్ లెన్స్ అంటారు. అయితే తూము బార్లా తెరిస్తే వెలుతురంతా ఫొటో నడిమధ్యన పారుతుంది, మూలలకు సరిగా అందదు. మూలలను అధ్యక్షులు శివారు భూములంటారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు శివారు రైతులు నీళ్లందలేదని ఆయన్ని రెండుసార్లు ఆఫీసులో పెట్టి తాళం వేశారట. ఆ భయం ఇంకా వదల్లేదు. అందుకని మండలి ఏ లెన్సు కొన్నా ముందు ఇండెంటు, ఆ మీద స్థల తనిఖీ, ఆ మీద వెలుతురు అంచనా, ఆ మీద తీర్మానం ఉండాలని రూలు పెట్టారు. ఈ పద్ధతిలో గత ఆరేళ్లలో మండలి కొన్నది ఒక లెన్సు మూత.

నాకు ఫాస్ట్ లెన్స్ అవసరం పడింది సంపూర్ణమ్మగారి వల్ల. వన్‌టౌన్‌లో ఆవిడకు హోటలుంది. దానికి బోర్డు లేదు, బోర్డు పెడితే జనం పెరుగుతారని ఆవిడ పెట్టలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా కట్టెల పొయ్యి మీద పెసరట్లు పోస్తున్నారు. ఒకటే గది, పైన పెంకులు, కిటికీ లేదు, ఉన్నదల్లా ఒక గుమ్మం. పొద్దున ఎనిమిది గంటలకు గుమ్మంలోంచి ఎండ వచ్చి గచ్చు మీద పడుతుంది, అక్కణ్ణించి పైకి లేచి ఆవిడ ముఖానికి తగులుతుంది. అట్టు తిరగేసేటప్పుడు ఆ వెలుతుర్లో ఆవిడను చూస్తూ నా ప్లేటులో అట్టు చల్లారబెట్టుకునేవాణ్ణి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునేవాణ్ణి, అంతకు మించి వివరించలేను.

రోడ్డు విస్తరణలో ఆ గది పోతుందని ఆవిడకు నోటీసు వచ్చింది. గడువు రెండు నెలలు, వచ్చే నెల తరవాతి నెల ఇరవయ్యో తేదీ. ఆ తరవాత మైలవరంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానని నిశ్చయించుకున్నారు. ఆ రోజు నా ప్లేటులో అట్టు వేస్తూ నన్ను ఒక కోరిక కోరారు.

"మాష్టారూ, మీకు కెమెరా ఉంది గదా. ఈ పొయ్యి దగ్గర నా ఫొటో ఒక్కటీ లేదండీ. మా కీర్తనకి అయిదేళ్లు. అమ్మమ్మ ఏం పని చేసి వాళ్లమ్మని చదివించిందో రేపు దానికి తెలియాలి గదా."

షరతు ఒక్కటే, ఫ్లాష్ వాడకూడదు. అంతకుముందు ఎవరో పేపరాయన ఫ్లాష్‌తో తీసి తీసుకొచ్చి చూపించాడట. "ఫ్లాష్ కొడితే మసి కనపడుద్దండీ, నేను కనపడను" అన్నారు.

నా దగ్గరున్నది 2.8 లెన్సు. వెలుతురు కొలిచే మీటరు పెట్టి చూస్తే షట్టరు సెకనులో ఎనిమిదో వంతు తెరిచి ఉంచాలని తేలింది. ఆ కాస్త సేపట్లో సంపూర్ణమ్మగారు అట్టు తిరగేసి, నూనె చుక్క వేసి, ఎవరినో ఒకరిని కసరగలరు. ఫొటోలో ఆవిడకు మూడు చేతులొస్తాయి. 1.4 లెన్సుంటే సరిపోతుందని లెక్క వేసి, మూడు ప్రతుల్లో ఇండెంటు పెట్టాను.

మండలి కార్యదర్శి మనోజ్ఞకు పెళ్లిళ్ల స్టూడియో ఉంది. మాలో ఫొటోలు తీసేది ఆ అమ్మాయి ఒక్కతే. (మిగతా ఆరుగురం ఫొటోగ్రఫీ చేస్తాం.) ఇండెంటు చదివి, బ్యాగులోంచి ఒక లెన్సు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నా సొంత వన్ పాయింట్ ఫోర్, సార్. మీ కెమెరాకి పడుతుంది. రేపు పొద్దున తీసేసుకుని మధ్యాహ్నానికి ఇచ్చెయ్యండి."

ఇంత అరాచకం మండలి చరిత్రలో జరగలేదు. అధ్యక్షులు గొంతు సవరించుకుని, ఎంపిక పూర్తికాని లెన్సుతో ఫొటో తీస్తే ఇక ఎంపిక ఎందుకని రూలింగ్ ఇచ్చారు. ఆ అమ్మాయి నావైపు చూసింది. పోనీ నేను వచ్చి తీసేదా అని కూడా అడిగింది. సంపూర్ణమ్మగారు నన్ను అడిగారు కాబట్టి నేనే తీయాలన్నాను. ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆ లెన్సు తీసుకుంటే రూలింగ్ నన్నేమీ చేసేది కాదు. కాని అప్పటికే నాకు 1.2 మీద మనసు పడింది. వారం రోజులుగా దాని రివ్యూలు చదివి చదివి, క్లాసులో బోర్డు మీద ఉదజని బదులు దాని నంబరు రాసినవాణ్ణి. చేతికందిన 1.4 నాకు పెళ్లిచూపుల్లో కాఫీ తెచ్చిన పక్కింటి పిల్లలా కనిపించింది.

మొదటి తనిఖీకి అయిదుగురం వెళ్లాం. లోపల చోటు లేక గుమ్మంలో నిలబడి మీటరు చూశాం. నేను రాసిన అంచనాలో సగమే వెలుతురు చూపించింది. గదికి ఉన్న ఒకే గుమ్మంలో అయిదుగురు నిలబడి ఉన్నారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. (తట్టాలంటే ఒకరైనా అక్కణ్ణించి కదలాలి, పెసరట్లు వస్తుంటే ఎవరు కదులుతారు?) నివేదికలో ఇలా రాశారు: "వెలుతురు దరఖాస్తుదారు చెప్పినంత లేదు. 1.4 చాలదు. 1.2 పరిశీలించవచ్చు. తనిఖీలో భాగంగా పన్నెండు పెసరట్లు కూడా పరిశీలించడమైనది." నాకు ఒళ్లంతా పులకరించింది.

ఇంత ముఖ్యమైన విషయంలో ఒక్క తనిఖీ సరిపోదని రెండోదానికి ఏడుగురినీ రమ్మన్నారు. మనోజ్ఞ పెళ్లి ఉందని రాలేదు. ఆ లోటు పూడ్చడానికి అధ్యక్షులు తన పాత సహోద్యోగులిద్దరిని వెంటబెట్టుకొచ్చారు. ఎనిమిది మందిమి గుమ్మాన్ని పూర్తిగా ఆక్రమించాం. మీటరు ముల్లు పడుకుంది. లోపల్నించి సంపూర్ణమ్మగారు అభ్యర్థించారు.

"అయ్యా, కాస్త పక్కకి జరగండి. నాకు పెనం కనపట్టం లేదు."

దీన్ని 'స్థానికుల అభ్యంతరం' కింద వేరే ఫైలులో నమోదు చేశారు. వెలుతురు వారం వారం తగ్గిపోతున్న దృష్ట్యా 1.2 కూడా చాలదని, 0.95 తప్ప గతి లేదని తేల్చారు. ఆ అంకె చదవగానే సభ్యులు లేచి నిలబడ్డారు. నేను చప్పట్లు కొట్టాను.

అయితే 0.95తో ఒక చిక్కుంది. తూము అంత తెరిస్తే ఫోకస్ గోరంత మందం కూడా ఉండదు. కన్ను స్పష్టంగా వస్తే ముక్కుపుడక మసకబారుతుంది, ముక్కుపుడక వస్తే కన్ను పోతుంది. సంపూర్ణమ్మగారిలో ఏ భాగాన్ని ఫోకస్ చేయాలో తేల్చడానికి మా ఏడుగురితోనే ఒక ఉపసంఘం వేశారు. అది మూడు ఆదివారాలు కూర్చుంది. కంటికి మూడు ఓట్లు, ముక్కుపుడకకు మూడు వచ్చాయి. అధ్యక్షులు తమ ఓటు చెవికి వేశారు, అది శివారు కాబట్టి. మళ్లీ మొదటినుంచి చర్చించాల్సి వచ్చింది. మధ్యలో మనోజ్ఞ నాకు రెండుసార్లు ఫోన్ చేసి తన లెన్సు ఇంకా బ్యాగులోనే ఉందని చెప్పింది. చూద్దాంలే అన్నాను.

చివరికి చెన్నైలో ఒకాయన దగ్గర పాతది దొరికింది. పార్సిలు పద్దెనిమిదో తేదీన వచ్చింది. స్టాకు రిజిస్టరులో అధ్యక్షుల సంతకం పడందే విప్పకూడదు. ఆయన కొండపల్లిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్లి ఇరవయ్యో తేదీ పొద్దున దిగారు. సంతకం పెట్టి, స్టాంపు వేసి, లెన్సు నా చేతిలో పెట్టి, శివారును మరవొద్దన్నారు. ఆటో ఎక్కి వన్‌టౌన్‌కు పరుగెత్తాను. దారి పొడుగునా నాకు ఆనందమే, అంత అందమైన లెన్సు నా జన్మలో ముట్టుకోలేదు.

నేను వెళ్లేసరికి కూల్చే మిషను తన పని ముగించి పక్క కొట్టు మీదికి జరిగింది. పెంకులు లేవు, ముందు గోడ లేదు, గుమ్మం లేదు. వెనక గోడ, దాని ముందు పొయ్యి మాత్రం మిగిలాయి. పొయ్యి ముందురోజే ఆర్పేశారట. సామాను ట్రాలీ ఆటోలో కట్టి ఉంది. సంపూర్ణమ్మగారు నన్ను చూసి వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డారు. నెత్తిన ఎండ ఫెళ్లుమంటోంది.

"ఇప్పుడు వెలుతురు సరిపోద్దా మాష్టారూ?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగారు. ఎత్తిపొడుపే అయితే నాకు కాస్త తేలికగా ఉండేది. సరిపోతుందన్నాను. ఆ ఎండలో 0.95 తెరిస్తే ఫొటో తెల్లకాగితం అవుతుంది. రెండు నెలలు తపస్సు చేసి సంపాదించిన తూమును రింగు తిప్పి 16 దాకా మూసేశాను. ఆవిడ కళ్లు చికిలించుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కటి తీశాను. రెండోది తీయడానికి మనసు రాలేదు. ఆవిడే నాకు నమస్కారం పెట్టి, కీర్తన పెద్దయ్యాక చూపిస్తానని చెప్పి ఆటో ఎక్కారు.

ఆ ఆదివారం సమావేశంలో అధ్యక్షులు మినిట్స్ చదివారు: "దరఖాస్తులో పేర్కొన్న స్థలంలో ఇప్పుడు వెలుతురు పుష్కలంగా ఉన్నట్టు ధ్రువీకరించడమైనది. సమస్య సంతృప్తికరంగా పరిష్కారమైనందున ఫైలు మూసివేయడమైనది."

దరఖాస్తుదారు సంతకం అన్నచోట నేను సంతకం పెట్టాను.