నూటికి నూరు శాతం సురక్షిత సభ్యుల మెయిల్

"బరంపురం చరిత్రను ఇకపై రెండుగా విడదీయాలి. మన వర్తక సంఘం సభ్యులకు ఈమెయిల్ రాకముందు, వచ్చాక!" అని ప్రకటించారు మా అధ్యక్షులు భీమేశ్వరరావుగారు. రాసిచ్చింది నేనే. సంఘానికి నేను ఐటీ కన్వీనర్ని. ఆ పదవి అంతకుముందు లేదు, నాకు లాప్‌టాప్ ఉందని తెలిశాక పుట్టింది.

ప్రారంభోత్సవం అదిరిపోయింది! మా సంఘంలో ఎవరికి ఏమిచ్చినా వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మైకులో చదివి ఇవ్వడం ఆనవాయితీ. పాస్‌వర్డులూ అలాగే ఇచ్చాం. పేరు, పాస్‌వర్డు, చప్పట్లు, ఫొటో! ఆ వెంటనే నేను మైకందుకుని, పాస్‌వర్డు కన్నకొడుక్కి కూడా చెప్పకూడదని ఆవేశంగా ఉపన్యసించాను.

"అర్జెంట్ అంటే నమ్మొద్దు! లింకు కనిపిస్తే నొక్కొద్దు! అధ్యక్షుల పేరుతో వచ్చినా నొక్కొద్దు! ఫోన్ చేసి అసలుదే అన్నా నమ్మొద్దు!"

సభ మొత్తం లేచి నిలబడింది. భోజనాలకే అనుకోండి, కానీ నిలబడింది.

అధ్యక్షులవారి ఈ సేవ వెనుక ఒక చిన్న ఆశ ఉంది: వార్డు కార్పొరేటర్ టికెట్. పార్టీ పరిశీలకులు పూర్ణచంద్రబాబు తేల్చి చెప్పేశారు.

"సభ్యులంతా మీ ఎనకే ఉన్నారంతన్నారు కదా? ఆదివారం సాయంత్రానికి అందరి కాడ్నించీ నాకు మెయిలు రావాల. రాలేదా, టికెట్ హేమచంద్రకే."

హేమచంద్రది అధ్యక్షులవారి కొట్టుకు ఎదురు దుకాణం. అంతకంటే చెప్పక్కర్లేదు.

వెంటనే పరిశీలకుల చిరునామా సభ్యులందరి మెయిల్‌బాక్సుల్లోకీ ఎక్కించి, అధ్యక్షుల పేరుతో మెయిల్ కొట్టాను: "అర్జెంట్. ఈ లింకు నొక్కి పరిశీలకులకు మీ మద్దతు పంపండి."

ఒక్కరూ పంపలేదు. పట్టుచీరల కొట్టు వాసవీకుమారిగారికి ఫోన్ చేశాను.

"దొంగ మెయిలు ఒచ్చింది బాబూ! నువ్వు సెప్పినట్టే డిలీట్ కొట్టీసినాను. మా ఈదిలో అందరి సేతా కొట్టించీసినాను."

"అత్తయ్యా, అది అసలుదే!"

"అసలుదే అని ఫోన్ సేత్తే నమ్మొద్దన్నాడు కదేటి? అచ్చం మా గౌతమ్ గొంతే పెట్టినావురా, దొంగెదవా!"

ఫోన్ పెట్టేశారు. ఇంత శ్రద్ధగల విద్యార్థిని ఏ గురువుకు దొరుకుతుంది!

అధ్యక్షులు కుర్చీలో కూలబడ్డారు.

"ఏటయ్యా గౌతమూ, అంత బాగా సెప్పమని నిన్నెవుడడిగినాడు? జనాలు కునుకు తీసీలాగ సెప్పాల గానీ!"

"ఇంటింటికీ వెళ్లి చెప్తాను మావయ్యా."

"ఎల్లు, ఎల్లు. మనిషొచ్చి సెప్పినా నమ్మొద్దు అనలేదు కదా?"

"అదీ అన్నాను."

ఆదివారం మధ్యాహ్నం దేవుడు కరుణించాడు. నాకో మెయిల్ వచ్చింది. "మీ సభ్యుల జవాబులు సర్వర్లో ఇరుక్కుపోయాయి. విడిపించడానికి అడ్మిన్ పాస్‌వర్డు ఇవ్వండి. అర్జెంట్." ఎంత బాధ్యతగల మనుషులు! ఆదివారం కూడా పని చేస్తున్నారు! నిండా అక్షరదోషాలే, పాపం తొందరలో ఉన్నట్టున్నారు. నేనూ తొందరలోనే ఉన్నాను. ఇచ్చేశాను.

మరుక్షణం నా మెయిల్ నన్నే బయటికి గెంటేసింది. ఎంత కొట్టినా లోపలికి రానివ్వలేదు. అధ్యక్షులకు చెప్పలేదు. కన్వీనర్ పదవికంటూ ఒక గౌరవం ఉంటుంది కదా!

సాయంత్రం పూర్ణచంద్రబాబు కారు అధ్యక్షులవారి కొట్టు ముందు ఆగింది. అధ్యక్షులు కళ్లజోడు తీసి ముందే కళ్లు తుడుచుకున్నారు.

"భల హెలా, మంచిపనయింది! టికెట్ మీదే!" అన్నారు పరిశీలకులు, ఫోన్ ఎత్తి చూపిస్తూ. "మీ సభ్యులు ఒక్కరు తప్పకుండా మెయిలు పెట్టినారు. అందరిదీ ఒకే మాట, ఒకే నిమిషం! ఇంత కట్టుబాటు మా పార్టీ ఆఫీసులోనే సూడలేదండి."

టపాసులు పేలాయి. ఎదురుగా హేమచంద్ర షట్టర్ దించేశాడు. అధ్యక్షులు నన్ను కౌగిలించుకుని, "నువ్వు బంగారమయ్యా" అన్నారు. నేను వినయంగా నేల చూశాను.

దండ వేయించుకుంటూ పరిశీలకులు నా చెవి దగ్గరికి వంగారు.

"బాబూ, మీవోళ్లు పంపిన లింకు నొక్కీసినాను. నా వివరాలన్నీ ఇచ్చీసినాను, మా పార్టీ మెయిలు పాస్‌వర్డుతో సహా. ఆ గెలిసిన కారు ఇంటికే పంపుతారా, మేమే ఎల్లి తెచ్చుకోవాలేటి?"