చుక్క చోటు మారింది

ఆ ఉదయం బొమ్మలాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. తన బొమ్మల కథలోని నాన్న చేత ఒక్క కన్నీటి చుక్క రాల్పించాలి.

ఇరవై ఏళ్లుగా ఆ వారపత్రికలో ఆయన గీసిన ఆడవాళ్లు ఏరులై ఏడ్చారు. మగవాళ్లు మాత్రం పళ్లు కొరికారు, నెత్తిన పొగలు కక్కారు, మరీ కష్టమొస్తే నుదుట ఒక చెమట చుక్కతో సరిపెట్టుకున్నారు. అది ఆఫీసు గోడకు అంటించిన పద్ధతి. ఆయన బతికిందీ ఆ పద్ధతిలోనే. మూడు నెలల కిందట భార్య పోయినప్పుడు కన్ను చెమ్మగిల్లలేదు. "అమ్మ కోసం ఒక్క చుక్క రాల్చలేకపోయావు" అంది కూతురు. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలు "తిన్నావా", "తలుపేసుకో" దగ్గరే ఆగిపోయాయి.

నోటితో చెప్పడం చేతకాదు గనక బొమ్మతో చెబుదామనుకున్నాడు. కిటికీ బయట వాన, గదిలో ఖాళీ కుర్చీ, పక్కన నాన్న, కంటి కింద చుక్క. మాటల్లేవు. పెన్సిల్‌తో గీసి, ఆఫీసులో ఇచ్చి, తేలికపడి ఇంటికి వచ్చేశాడు. చేసిన తప్పల్లా అదే.

పెన్సిల్ గీతల మీద సిరా దిద్దేవాడు ఆ చుక్కను చూసి నొచ్చుకున్నాడు. "పాపం, పెద్దాయనకి చూపు తగ్గింది. నుదుట పెట్టాల్సింది కంటి కింద పెట్టేశారు" అంటూ దాన్ని భక్తిగా పైకి చేర్చాడు.

"ఇంత చెమట పడుతుంటే వానేంటండీ?" అని రంగులేసే ఆవిడ వానను చెరిపి, ఎర్రటి ఎండ కాయించింది. మాటలు రాసేవాడు, మాటలు మర్చిపోయారనుకుని, నాన్న నోట "అబ్బ, ఏం ఉక్క!" అనిపించాడు. చివరికి సంపాదకుడు కళ్లజోడు సవరించుకుని, "ఇంత ఎండకి ఒక్క చుక్కేనా?" అని స్వహస్తాలతో ఇంకో ఆరు చేర్చాడు. అందరూ మంచివాళ్లే. అదే వచ్చిన చిక్కు.

శుక్రవారం పత్రిక వచ్చాక బొమ్మలాయన తన పేజీ తిప్పి చూశాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. కూతురు చూసిందంటే ఉన్న ఆ రెండు మాటలూ పోతాయి. పత్రికను దిండు కింద దాచి వంటగదిలోకి వెళ్తే, ఆమె చేతిలో ఇంకో కాపీ ఉంది.

"అలా గీసింది నేను కాదమ్మా. కంటి కిందే పెట్టాను. వాళ్లే..."

ఆమె బొమ్మ మీంచి చూపు తిప్పలేదు.

"అమ్మను తీసుకెళ్లిన రోజు ఇలాగే అమ్మ కుర్చీ దగ్గరే నిలబడి నుదురు తుడుచుకుంటూ ఉన్నావు నాన్నా. 'అబ్బ, ఏం ఉక్క' అన్నావు."

"అన్నానా?"

"బయట జోరున వాన." ఆమె వేలు బొమ్మ నుదుటి మీది చుక్కల దగ్గర ఆగింది. "నీకు ఏడుపు అక్కణ్ణించి వస్తుందని నాకేం తెలుసు?"

ఆయన ఆ బొమ్మ మీదికి వంగాడు. ఈసారి చుక్క సరిగ్గా కంటి కిందే జారింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

ఆ వారం ఆఫీసుకు ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. అందరిదీ ఒకటే కోరిక: ఆ నాన్న గదికి ఒక ఫ్యాను పెట్టించమని.