రాతపూర్వకంగా మాత్రమే

మా ఉన్నత పాఠశాలలో వైకల్యం గల విద్యార్థులు ఒక్కరు కూడా లేరని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ సంగతిని ఏటా జూన్ మొదటి వారంలో విద్యాశాఖ వారికి లేఖ ద్వారా విన్నవించుకుంటాం. పదమూడేళ్లుగా ఒక్కరూ లేరు. పదమూడు లేఖలూ నా దస్తూరీలోనే ఉన్నాయి. ఆఫీసులో కంప్యూటరు ఉంది గాని, మా డైరెక్టరమ్మ శ్రీమతి ఎర్మీనియా ఎచెవెర్రి గారికి నా అక్షరాలంటే ఇష్టం.

నేనీ బడిలో ప్రిసెప్టర్ని. అంటే పాఠం చెప్పను. హాజరు వేస్తాను, గంట కొడతాను, ఏడ్చేవాళ్లకి మంచినీళ్లిస్తాను. వీటితోపాటు డైరెక్టరమ్మకి పొద్దున్నే మాతే ఆకు తేనీరు కలిపివ్వడం, ఆవిడ కళ్లజోడు మరిచిపోయి వచ్చిన రోజుల్లో కాగితాలు చదివి వినిపించడం కూడా నా పనే. కళ్లజోడు ఆవిడ వారానికి అయిదు రోజులు మరిచిపోతారు. శని, ఆదివారాలు బడి ఉండదు.

వైకల్యాలు లేకుండా చూసుకోవడం మాటలు కాదు. దాని వెనక ఎంతో కృషి ఉంది. ఏ తల్లో తండ్రో డాక్టరు సర్టిఫికెట్ తెస్తారు. దాన్ని మర్యాదగా తీసుకుని, ముద్ర వేసి, ఆకుపచ్చ బీరువా మూడో అరలో పెడతాం. ఆ అరకి తాళం ఉంది, తాళంచెవి లేదు. పైన సందులోంచి కాగితం లోపలికి వెళుతుంది, బయటికి రాదు. ఇంతవరకు ఏ సర్టిఫికెట్టూ పోయిందన్న ఫిర్యాదు లేదు.

ఇలా సాఫీగా సాగుతున్న సంస్థలోకి నసరేనా బెర్తొలొత్తి వచ్చి పడింది.

వాళ్లమ్మ సిల్వీనా రేవు వీధిలో రవియోలీ, అంటే లోపల కూరు పెట్టిన పిండి బిళ్లలు, చేసి అమ్ముతుంది. ఆదివారం మధ్యాహ్నం మా ఊళ్లో సగం మంది తినేది ఆమె చేతి తిండే. నసరేనాకి పదిహేనేళ్లు. పొద్దున రేడియోలో ఎగువ ఊళ్ల దగ్గర పరానా నది మట్టాలు చెబుతారు కదా, కొర్రియెంతెస్ ఇంత, గోయా ఇంత, లా పాస్ ఇంత అని. మనమైతే ఆ వరస రాగానే పాటలొచ్చే స్టేషనుకి తిప్పేస్తాం. ఈ పిల్ల పిండి పిసుకుతూ ఆ అంకెలు విని, మన రేవులో నీళ్లు ఏ రోజుకి ఎంతకొస్తాయో నోటి లెక్కన చెప్పేస్తుంది. రెండు మూడంగుళాల తేడా ఉంటే ఉండవచ్చు. రాష్ట్ర విజ్ఞాన ప్రదర్శనలో ఆ లెక్కని నిలబడి వివరించి మొదటి బహుమతి తెచ్చింది. మేం గేటు మీద పెద్ద గుడ్డ బ్యానర్ కట్టాం: "మా బడి గర్వం, నరసేనా."

"మేడమ్, నా పేరు తప్పు రాశారట. వేరేవాళ్లు చదివి చెప్పారు," అంది పిల్ల.

"అర్థమవుతోంది కదమ్మా! అక్షరాలదేముంది?" అన్నారు డైరెక్టరమ్మ.

ఈ విశాల హృదయం గేటు దగ్గర ఆగిపోతుంది. లోపల మూడో ఏడు నుంచీ పరీక్షలన్నీ రాతలోనే. పైగా ఏడాది పాఠాలన్నీ రాసి పెట్టుకునే ఫోల్డరు ఉంటుంది. ఎర్రగీతతో అంచు, కుడిమూల తేదీ, శీర్షిక కింద రెండు గీతలు. చరిత్ర చెప్పే పౌతాస్సో టీచరు ఫోల్డర్లని చేత్తో పైకెత్తి బరువు చూసి మార్కులు వేస్తుంది, ఇరవై ఏళ్ల అనుభవం. మందుల షాపువాళ్లబ్బాయి ఫౌస్తో ఫోల్డరు బడిలోకెల్లా అందమైంది. దాన్ని వాళ్లమ్మ రాస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు, ఆమె శ్రద్ధని మెచ్చుకోనివాళ్లు లేరు.

నసరేనా ఫోల్డరులో ఆరు కాగితాలుండేవి. పెన్ను పట్టుకుంటే ఆ పిల్ల చేతికి ఏమవుతుందో ఏమో, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కొన్ని తిరగబడతాయి, కొన్ని అసలు రావు. చదవడమూ అంతే, మనం పేజీ తిప్పేసరికి తను మూడో లైన్లో ఉంటుంది. చదివి వినిపిస్తే మాత్రం ఒక్కసారికే పట్టేస్తుంది.

సిల్వీనా బిడ్డని రాజధానికి తీసుకెళ్లి పరీక్షలు చేయించి ఇరవై రెండు పేజీల రిపోర్టు పట్టుకొచ్చింది. ఆలోచనాశక్తిలో నూటికి తొంభై తొమ్మిది మంది కన్నా పైన, రాతలో ముగ్గురి కన్నా మాత్రమే పైన అని అందులో ఉంది. డైరెక్టరమ్మ సమావేశం పెట్టారు. ఎనిమిది మంది టీచర్లు, తల్లి, పిల్ల, మాతే కూజాతో నేను.

"నేనడిగేది పెద్దదేం కాదు మేడమ్," అంది సిల్వీనా. "పరీక్షప్పుడు ఓ మూల కూచోబెట్టండి. ప్రశ్న ఎవరైనా చదివితే ఇది జవాబు నోటితో చెబుతుంది. ఇంకో అరగంట టైమివ్వండి. అంతే. ఈ ఏడు పోతే బడి మానేస్తానంటోంది. దీన్ని జన్మంతా పిండి పిసుక్కోమనడానికి నాకు మనసొప్పట్లేదు."

డైరెక్టరమ్మ లేచి నిలబడ్డారు. ఆవిడ ఉపన్యాసం నేను ముందురోజే రాసి, చదివి వినిపించి, కంఠతా వచ్చేదాకా ఆవిడ దగ్గరే కూర్చున్నాను.

"ఈ గణతంత్రంలో ప్రతి బిడ్డా సమానమే! అందరికీ ఒకే కాగితం, ఒకే పెన్ను, అవే నలభై నిమిషాలు! ఒకరికి అరగంట ఎక్కువిస్తే మిగతావాళ్ల దగ్గర అరగంట దొంగిలించినట్టు కాదా? తెలివైన బిడ్డకి సాయమెందుకు? సాయం కావలసిన బిడ్డ తెలివైనదెలా అవుతుంది? ఆలోచించండి!"

అందరూ ఆలోచించారు. చప్పట్లు మొదలుపెట్టింది పౌతాస్సో టీచరు. ఆమెకి మోకాలు నొప్పి కాబట్టి ఆరేళ్లుగా ఆమె క్లాసులన్నీ కింది అంతస్తులోనే. ఆమె రాలేదని మెట్లేమీ నొచ్చుకోలేదు.

తర్వాత లెక్కల మాస్టారిని పిలిచి తొంభై తొమ్మిదికీ మూడుకీ సగటు కట్టమన్నారు. ఆయన నేలచూపులు చూస్తూ యాభై ఒకటి అన్నాడు.

"చూశారా! మీ అమ్మాయి సగటు విద్యార్థి. భయపడాల్సిందేం లేదు," అన్నారు డైరెక్టరమ్మ సిల్వీనాతో.

నసరేనా కుర్చీలోంచి లేచింది. "మేడమ్, రేవు దగ్గర నది లోతు తొమ్మిది మీటర్లు. మా గుమ్మంలో సున్నా. అంటే సగటున ఇప్పుడు మా వంటింట్లో నాలుగున్నర మీటర్ల నీళ్లున్నాయి. అమ్మా, పద, పిండి తడిసిపోతుంది."

పొగరు అని మినిట్సులో రాయమన్నారు. రాశాను. రిపోర్టుకి ముద్ర వేసి మూడో అరలో వేశాను.

గేటు దాకా వాళ్లతో వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు, నా పరిధిలో లేని పని. సిల్వీనా ఏడవడం లేదు, పళ్లు బిగించుకుని ఉంది.

"ఉలీసెస్ గారూ, మీ చేతిరాత ఊరంతటికీ ఇష్టమే కదా. పరీక్షలో ఇది చెబుతుంటే మీరే కాస్త రాసిపెట్టకూడదూ?"

"నిబంధనలు ఒప్పుకోవమ్మా. ఒకరి మాట ఇంకొకరు రాస్తే అది మోసం కిందికొస్తుంది," అన్నాను. చంకలో డైరెక్టరమ్మ ఉపన్యాసం ఉంది. సిగ్గేసింది. కానీ సిగ్గు నా ఉద్యోగ నిబంధనల్లో లేదు. అందుకని వేరే ముక్క చెప్పాను. "ఓ దారుంది. ఫెయిలవమనండి."

చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు, వింది.

సంగతేమిటంటే, ఏడాది పొడుగునా తప్పినవాళ్లకి మార్చిలో బడి తెరవకముందు, ఫిబ్రవరిలో మళ్లీ పరీక్ష ఉంటుంది. ముగ్గురు టీచర్లు బల్ల వెనక కూర్చుంటారు. ముందు ఇనుప బుట్ట, అందులో నంబర్లేసిన చెక్క బంతులు. బుట్ట గిరగిరా తిప్పి ఓ బంతి తీయాలి. ఆ నంబరు పాఠం గురించి నోటితో చెప్పాలి. మా తాతల నాటి నుంచీ అంతే. మాకు ఫిబ్రవరి నడివేసవి, ఆ ఉక్కలో పేపర్లు దిద్దే ఓపిక ఎవరికీ లేక ఆ పద్ధతిని ఎవరూ మార్చలేదు.

నసరేనా తొమ్మిది సబ్జెక్టులూ తప్పింది. దానికి ప్రత్యేకంగా కష్టపడనక్కర్లేకపోయింది. ఫిబ్రవరిలో వచ్చి తొమ్మిది బంతులు తీసింది. చరిత్రలో ఏడో నంబరు వస్తే ఏడుతో మొదలెట్టి పదకొండు దాకా చెప్పుకుపోయింది. పౌతాస్సో టీచరు విసనకర్ర ఆపి వింది. "ఈ పిల్లకి ఇదంతా ఎప్పుడొచ్చింది?" అని నన్నడిగింది. "మీ క్లాసులోనేనండి," అన్నాను. తొమ్మిదింటికీ పదికి పది.

దాంతో చిక్కొచ్చి పడింది. ఫిబ్రవరి మార్కే రిజిస్టరుకెక్కుతుంది. రిజిస్టరులో అందరికన్నా ఎక్కువ సగటు ఎవరిదైతే వాళ్లే మే ఇరవై అయిదున, జాతీయ పండుగ నాడు, పతాకం పట్టుకోవాలి. డైరెక్టరమ్మ అత్యవసర సమావేశం పెట్టి, తప్పి గెలిచినవారు పతాకానికి అనర్హులని కొత్త నిబంధన చేశారు. పతాకం ఫౌస్తో పట్టుకున్నాడు. వాళ్లమ్మ కూడా పక్కనే నడిచింది. ఆ మాటకొస్తే న్యాయంగా ఆవిడే పట్టుకోవాలి.

మా ఊరి తల్లిదండ్రులు మాత్రం అసలు పాఠం నేర్చుకున్నారు. ఆ నవంబరులో నాలుగో ఏడు పిల్లలు ఇరవై ఎనిమిది మందిలో పందొమ్మిది మంది ఖాళీ కాగితాలిచ్చారు. అంచుకి ఎర్రగీత గీశారు, తేదీ వేశారు, శీర్షిక కింద రెండు గీతలు కొట్టారు, కింద ఏమీ రాయలేదు. శుభ్రతకి పౌతాస్సో టీచరు రెండేసి మార్కులు వేసింది. పిల్లలంతా నోటితో పదికి పది కొట్టేయడానికి ఫిబ్రవరి కోసం కాచుక్కూర్చున్నారు.

విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు కారులో దిగాడు. మాతే తాగాడు. ఇంతమంది ఎందుకు తప్పారని అడిగాడు. అసలు కారణం ఒక పిల్లకి రాయడం రాకపోవడమనీ, ఆ పిల్ల కాగితాలు మూడో అరలో ఉన్నాయనీ చెప్పబోయాను. డైరెక్టరమ్మ నావైపు చూశారు. కళ్లజోడు లేకపోయినా ఆ చూపు సూటిగానే తగిలింది. ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నానికల్లా పరిష్కారం కనిపెట్టేశాడు: ఇకమీదట ఫిబ్రవరి పరీక్షలు రాతపూర్వకంగా మాత్రమే. ఉత్తర్వు నేనే రాశాను, చాలా చక్కగా వచ్చింది. ఇనుప బుట్టని అటకెక్కించాం.

ఫిబ్రవరిలో నసరేనా మామూలుగానే వచ్చింది. బల్ల మీద చూసింది, కింద చూసింది.

"సార్, బంతులేవి?"

నేను కాగితం ఇచ్చాను. నలభై నిమిషాలు ఆ పిల్ల పెన్నుతో కుస్తీ పట్టడం చూశాను. చెమట కాగితం మీద పడి, రాసిన ఆ ముక్కా చెదిరిపోయింది.

"టీచర్, జవాబు చెప్పనా? రెండు నిమిషాలు."

"చెప్పకూడదమ్మా, రాయాలి," అంది పౌతాస్సో టీచరు. "పోనీ తెలియదని రాసి వెళ్లిపో."

"తెలుసు కదా టీచర్! నిజం రాయడానికే ఇంత చచ్చిపోతుంటే, అబద్ధం కూడా రాయమంటే ఎలా?"

లేచి, కాగితం నా చేతికిచ్చి వెళ్లిపోయింది. తొమ్మిది సబ్జెక్టుల్లో మిగతా ఎనిమిదింటికీ రాలేదు. గేటు మీది బ్యానరు ఎండకి వెలిసిపోయిందని అదే వారం తీసేశాం. మార్చిలో హాజరు పట్టీ కొత్తది రాశాను. అందులో ఆమె పేరు లేదు. ఇరవై ఏడు పేర్లూ ముత్యాల్లా కుదిరాయి.

ఇప్పుడు పిల్ల రేవు వీధిలో పిండి పిసుకుతోంది. రేడియో మోగుతూనే ఉంటుంది. జాలర్లు రవియోలీ పేరు చెప్పి నది కబురు కనుక్కుని పోతుంటారు. మే నెలలో పరానా పొంగింది. మా డైరెక్టరమ్మ ఇల్లు నది వైపే. ఆఫీసు ఫోను నుంచి సిల్వీనా కొట్టుకి నన్నే కలపమన్నారు.

"అమ్మా నసరేనా, బంగారు తల్లీ, మా ఇంట్లోకి నీళ్లొస్తాయా?"

ఫోను స్పీకరులో ఉంది కాబట్టి జవాబు నేనూ విన్నాను. "గురువారం పొద్దున్నకి మీ గుమ్మం రెండో మెట్టు దాకా వస్తాయి మేడమ్. మూడోది ఎక్కవు. కంగారు పడకండి."

గురువారం పొద్దున నీళ్లు రెండో మెట్టు మీద ఆగాయి. డైరెక్టరమ్మ బుధవారం నాడే నిశ్చింతగా నిద్రపోయారట. జవాబు రాతపూర్వకంగా ఇమ్మని ఆవిడ అడగలేదు.

జూన్ మొదటి వారం వచ్చింది. పదమూడో లేఖ రాశాను: మా ఉన్నత పాఠశాలలో వైకల్యం గల విద్యార్థులు ఒక్కరు కూడా లేరని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. డైరెక్టరమ్మ ఆ రోజు కూడా కళ్లజోడు మరిచిపోయి వచ్చారు. పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా, రెండుసార్లు చదివి వినిపించాను. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను.

"ఒక్క తప్పు కూడా లేదు కదా ఉలీసెస్?" అన్నారు.

"ఈసారి లేదండి," అన్నాను.