మా బావ కాఫీ త్యాగం

మా బావ పేరు ప్లాసిదో రియోఫ్రియో. ప్లాసిదో అంటే ప్రశాంతుడు. రియోఫ్రియో అంటే చల్లని ఏరు. కాఫీ పడకపోతే ఆయన ఎలా ఉంటాడో పేరు పెట్టినవాళ్ళకి తెలిసే వీల్లేదు లెండి, అప్పటికాయన పాలు తాగుతున్నాడు.

మా లోహా ఊళ్ళో శాన్ సెబాస్తియన్ గడియార స్తంభానికి ఎదురుగా ఆయన సెలూన్. పక్క గదిలో నేను గిటార్లు బాగుచేస్తాను. ఆయన భార్య దెల్ఫీనా మా అక్క. పక్కనున్న మలకాతోస్ పల్లెలో మా అమ్మ వదిలిపోయిన కాసింత కాఫీ తోట ఉంది. అక్క ఆ గింజల్ని మట్టి పెనం మీద తనే వేయించి, తనే పొడి కొట్టి, గుడ్డ సంచిలో పోసి డికాషన్ దింపుతుంది. ఆ వాసనకి మా వీధి మొత్తం లేచి కూర్చుంటుంది. బావ ఆ కాఫీని పళ్ళు తోముకున్న దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా తాగేవాడు. ఆయన కత్తెర కూడా కాఫీ పడ్డాకే దారిలోకి వచ్చేది.

ఈ ఏడాది, ఈస్టరు ముందు ఉపవాసాలుండే లెంట్ రోజులు మొదలవకముందే, అక్కకి గుండె దడ పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే చాలు, లోపల ఎవరో డోలు వాయిస్తున్నట్టుందని కూర్చుండిపోయేది. బావ చాలా భయపడ్డాడు. డాక్టరు గారి దగ్గర అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు. డాక్టరు నాడి చూడ్డానికి రెండో చెయ్యి అడిగి పుచ్చుకోవలసి వచ్చింది. పరీక్షలు రాసిచ్చి, ముందైతే కాఫీ పూర్తిగా మానెయ్యమన్నారు. మూలికల నీళ్ళు తాగండి, వేయించిన బార్లీ తాగండి, ఇంకేదైనా తాగండి, కాఫీ మాత్రం వద్దన్నారు.

ఆ ఆదివారం భోజనాలకి చుట్టాలందరూ వచ్చారు. భోజనాలయ్యాక అక్క అలవాటుగా లేచి, కాఫీ గుడ్డ చేతిలోకి తీసుకుని, దాన్నే చూస్తూ నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి బావ గుండె కరిగింది. గుండె కరగడం వరకూ బాగానే ఉంది. దాంతోపాటు నోరు కూడా తెరుచుకుంది.

"నువ్వు తాగని కాఫీ నాకెందుకు దెల్ఫీ? ఈ పూట నుంచి నేనూ మానేశాను."

మేనత్తలు చేతిరుమాళ్ళు తీశారు. మావయ్య లేచి బావని కౌగిలించుకున్నాడు. బావ మాత్రం ఆ మాట తన వెనక నించున్న వాళ్ళెవరో అన్నారన్నట్టు ఒకసారి తిరిగి చూశాడు. 'వద్దండీ, మీరెందుకు, మీరు తాగండి' అని అక్క అంటుందని ఆయన లెక్క. అక్క ఆ మాట అనలేదు. కాఫీ డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టి, తీసుకుపొమ్మంది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో మూలికలు మొదలయ్యాయి. మొదటి రోజు సీమ చామంతి. రెండో రోజు నిమ్మగడ్డి. ఆ తర్వాత సోంపు, దాల్చినచెక్క, నారింజ తొక్కలు. అక్కకి చిత్రంగా అందులో ఆసక్తి పుట్టింది. సీసాలు వరసగా పేర్చింది. చిక్కుడు గింజలు నల్లగా వేయించి పొడి కొట్టింది. ఏదో ఆకు కలిపి చూస్తుంది, చప్పరిస్తుంది, తల ఊపుతుంది, ఇంకో ఆకు వేస్తుంది. రెండో కప్పు బావకి. బావ దాన్ని గుక్కలో మింగి, పాచి పట్టిన తొట్టెలోంచి లేచినవాడిలా మొహం పెట్టేవాడు. ఎలా ఉందని అక్క అడిగితే, చామంతి పూలు మునిగి చచ్చిపోయిన నీళ్ళలా ఉందని నా చెవిలో చెప్పి, అక్కతో మాత్రం అద్భుతంగా ఉందనేవాడు.

ఆ రోజుల్లో బావ ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాడు. కుర్చీలు ఇటునుంచి అటు జరిపేవాడు, మళ్ళీ అటునుంచి ఇటు. అద్దం తుడిచేవాడు. తుడిచిన అద్దం మీద వేలు పెట్టి, మరక పడిందని మళ్ళీ తుడిచేవాడు. నా గదిలోకి వచ్చి, బాగున్న గిటార్ తీగలు బిగించి రెండు తెంపేశాడు. తల నెప్పి అనేవాడు. తల ఎక్కడుందని అడిగితే చెప్పలేని స్థితి.

అలాంటి ఒక పొద్దున నోటరీ హసింతో గారు మీసం సవరించుకోవడానికి వచ్చాడు. ఆయన పేరులో హాసం ఉంది గానీ మొహంలో ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా మీసం. ఊళ్ళో అంత మీసం ఇంకెవరికీ లేదు. బావ చెయ్యి వణికి ఎడం కొస తెగింది. సరిచేద్దామని కుడి కొస తీశాడు. అది ఎక్కువైంది. మళ్ళీ ఎడం వైపు. ఇలా రెండు వైపులా న్యాయం చేస్తూ చేస్తూ ముక్కు కిందకి వచ్చేసరికి, న్యాయం చెయ్యడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. హసింతో గారు అద్దంలో చూసుకుని, తనని తను గుర్తుపట్టలేక, పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఆ సాయంత్రమే బావకి ఉపాయం తట్టింది. ఆకులు సూర్యుడు పైకి రాకముందే కొనాలనీ, ఎండ తగిలితే సారం పోతుందనీ, రోజూ పొద్దున్నే తనే మార్కెట్టుకి వెళ్ళి తాజావి తెస్తాననీ అక్కతో చెప్పాడు. అక్క మురిసిపోయింది. బుట్ట మొయ్యడానికి నన్ను తోడిచ్చింది.

మార్కెట్లో ఆకులమ్మే వరస ఒక పక్క. దానికి ఎదురుగా, ఊరంతా పిన్ని అని పిలిచే తార్సిలా కాఫీ బల్ల. పక్కనే ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి తమాల్ పొట్లాలు, ఆవిరి కక్కుతూ. బావ ఆకుల వైపు బుట్ట చాచాడు, కాఫీ వైపు మొహం తిప్పాడు. మొదటి కప్పు తాగేటప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండో కప్పుకి కళ్ళు తెరిచి, ఆకాశం ఇంత నీలంగా ఉంటుందని మర్చిపోయాన్రా రమీరో, అన్నాడు. మేమున్నది రేకుల కప్పు కింద.

"అక్కకి తెలిస్తే?" అన్నాను.

"ఏముందిరా తెలియడానికి? మాట ఇచ్చింది ఇంట్లో. ఇది మార్కెట్టు."

వాసన పోవడానికి దారి పొడుగునా పుదీనా నమిలేవాడు. పుదీనా చాలదని సోంపు. సోంపు చాలదని పేరు తెలియని ఆకులు. ఇంటికి చేరేసరికి నోరంతా పచ్చగా ఉండేది. మీ దగ్గర తోట వాసన వస్తోందండీ అని అక్క అంటే, కొనేముందు రుచి చూడాలి కదా అనేవాడు. ఆకుల గురించి అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కాబట్టి, ఉన్నవీ లేనివీ కల్పించి చెప్పడం మొదలుపెట్టాడు. ఇది కాలేయానికి, ఇది కోపానికి, ఇది అత్తగారితో మాట్లాడే ముందు.

కాఫీ పడ్డాక ఆయన చేతులు కుదుటపడ్డాయి. మనిషి నవ్వుతున్నాడు. వీధిలో ఆడవాళ్ళు అది చూసి, కాఫీ మానేసి మూలికలు తాగితే మగాడు ఇంత బాగుపడతాడన్నమాట అని నిర్ధారించుకున్నారు. సలహాల కోసం సెలూన్‌కి రావడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వచ్చిన ఒక ఆదివారం ఫాదర్ తన ప్రసంగంలో, భార్య కోసం తనకిష్టమైనది వదులుకున్న మగవాడు మన మధ్యే ఉన్నాడని పేరు పెట్టి చెప్పారు. బావ కళ్ళు దించుకుని కూర్చున్నాడు. మిగతా మగవాళ్ళందరూ ఆయన మెడ వైపు చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ భార్యలు మాత్రం వాళ్ళ వైపు చూస్తున్నారు.

సోమవారం నుంచి సెలూన్‌కి బేరాలు తగ్గాయి. వచ్చినవాళ్ళు కూడా పలకరించడం మానేశారు. ఒకాయన జుట్టు కత్తిరించుకుంటున్నంత సేపూ, మా ఇంట్లో కాఫీ డబ్బాలో ఇప్పుడు బార్లీ ఉంటోంది, నువ్వు సుఖంగా ఉండు నాయనా, అని మాత్రం అన్నాడు. ఆ మాటకి బావ ముందు నవ్వాడు. తర్వాత నా గదిలోకి వచ్చి, ఇక ఇది ఆగాలిరా, కానీ ఎలా ఆపాలో తెలియట్లేదు, అని చాలాసేపు తిరిగాడు.

ఆగలేదు. చర్చి పండగకి ఆడవాళ్ళంతా కలిసి ఒర్చాతా పోటీ పెట్టారు, మూలికలు మరిగించి చేసే పానీయం అది. మా ఊరి ఒర్చాతా సంగతి తెలిసిందే కదా, ఎవరి పాళ్ళు వాళ్ళవి. ఎర్ర తోటకూర కంకులతో గులాబీ రంగు తెస్తారు, అవిసె గింజలతో చిక్కదనం, పైన నిమ్మరసం. దాని కోసం ఆడవాళ్ళు తోబుట్టువులతో మాటలు మానేసిన సందర్భాలున్నాయి. న్యాయనిర్ణేతగా ప్లాసిదో గారే ఉండాలని అందరూ ఒక్క మాటగా అన్నారు.

పోటీ రోజు పొద్దున, అన్ని కప్పులు రుచి చూడాలంటే ముందు గట్టి కాఫీ పడాలని బావ నన్ను లాక్కుని మార్కెట్టుకి వెళ్ళాడు. తార్సిలా పిన్ని బల్ల మూసి ఉంది. పోటీకి తనూ సామాను సర్దుకోవడానికి వెళ్ళిందని పక్క బల్లవాళ్ళు చెప్పారు. బావ మూసిన బల్ల చుట్టూ తిరిగాడు. దాని మీద గుడ్డ ఎత్తి చూశాడు. ఆకులు కూడా కొనకుండా వెనక్కి తిరిగాడు. ఎప్పుడూ వచ్చే వేళ కన్నా చాలా ముందే ఇల్లు చేరాం.

వీధి మలుపులో ఆగాడు. ముక్కు ఎగరేశాడు. ఇక్కడ కాఫీ వాసన వస్తోందిరా, నాకు మతి పోతోంది అన్నాడు. నాకూ వచ్చింది. ఇద్దరికీ ఒకేసారి మతి పోదు కదా అనుకుని నేను ముందు నడిచాను.

వంటింట్లో అక్క కాళ్ళు చాపుకుని, మొక్కజొన్న రొట్టె తుంచుకుని కాఫీలో ముంచుకుంటోంది. మమ్మల్ని చూసి ముంచిన ముక్క నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలి మింగింది.

"ఏమిటిది దెల్ఫీ?"

"కాఫీ."

"నీ గుండె?"

"బాగుంది. పరీక్షలు వచ్చాయి. పొద్దున ఒక్క కప్పు తాగొచ్చన్నారు డాక్టరు గారు. మిగతా రోజంతా మూలికలే. నిజం చెప్పొద్దూ, నాకిప్పుడు అవే ఇష్టంగా ఉన్నాయి."

"ఎప్పుడన్నారు?"

"ఈస్టరుకి ముందు."

బావ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆయన మొహంలో ముందు కనిపించింది కోపం కాదు. అక్క గుండె బాగుందన్న మాట ఆయనకి అప్పుడే లోపలికి దిగింది. అక్క చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత కోపం గుర్తొచ్చింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నాను. ఆ ఆదివారమే ఫాదర్ మీ పేరు చెప్పారు. మీరు అంత అందంగా కళ్ళు దించుకుని కూర్చుంటే నాకు నోరు రాలేదు."

"సరే, ఇప్పుడు చెప్పావుగా. నాకూ ఓ కప్పు పొయ్యి."

అక్క కాఫీ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"మీవి రోజూ రెండు కప్పులు తార్సిలా దగ్గర అవుతున్నాయి కదండీ. ఆవిడకి కాఫీ పొడి నేనే ఇస్తున్నాను. నచ్చిందట కదా మీకు, చెప్పింది."

నేను బుట్ట పట్టుకుని గుమ్మం బయటికి జరిగాను. పోటీ దగ్గర ఊళ్ళో మగవాళ్ళందరికీ నిజం చెప్పేస్తానని బావ గొణగడం వినిపించింది. మీ ఇష్టం, కోటు వేసుకోండి, ఆలస్యమవుతోంది అని అక్క అనడం వినిపించింది.

చర్చి ముందు ఊరంతా ఉంది. బల్లల మీద కప్పులు. బావ కాఫీ లేక, నిజం చెప్పాలో వద్దో తేలక, మొదటి బల్ల దగ్గర్నుంచే గబగబా తాగడం మొదలుపెట్టాడు. ఒకావిడ ఒర్చాతాలో నిద్ర పట్టించే ఆకు ఎక్కువ. ఇంకో ఆవిడ దాంట్లో గుర్రపుతోక గడ్డి ఎక్కువ. దాని పని ఒకటే, మనిషిని పరిగెత్తించడం. బావ ఆవలిస్తూ చర్చి వెనక్కి పరిగెత్తేవాడు, తిరిగొచ్చి ఇంకో కప్పు ఎత్తేవాడు, సగంలో దించి మళ్ళీ పరిగెత్తేవాడు. ఎవరి కప్పు సగంలో దించి పరిగెత్తితే ఆవిడ దాన్ని తనకి అవమానం అనుకుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు అప్పుడే వాదనకి దిగారు. చివరికి ఎవరికి మొదటి బహుమతి ఇచ్చాడో ఆయనకే తెలియలేదు. తార్సిలా పిన్నికి వచ్చింది.

అప్పుడు ఫాదర్ మైకు పట్టుకుని, ప్లాసిదో గారి స్ఫూర్తితో, ఆగస్టులో ఎల్ సిస్నే మాత ఊరేగింపు మన ఊరు చేరేదాకా ఈ చర్చి మగవాళ్ళందరూ కాఫీ మానాలని పిలుపునిచ్చారు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మగవాళ్ళ గుంపులోంచి, మీసం ఇంకా సగమే మొలిచిన హసింతో గారు లేచాడు.

"ప్లాసిదో గారు పొద్దున్నే మార్కెట్లో ఏం తాగుతారో కూడా చెప్తే, మేమూ అదే తాగుతాం."

బావ మొహం ఒర్చాతా రంగుకి తిరిగింది. నోరు తెరిచాడు. నిజమే చెప్పబోయాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ అంతకు ముందే అక్క లేచి మైకు అందుకుంది.

"మా ఆయన మార్కెట్టుకి వెళ్ళేది నా కోసం ఆకులు తేవడానికి. నాకు ఒంట్లో బాగాలేనప్పుడు రోజూ తెచ్చారు. ఇప్పుడు నాకు బాగుంది కాబట్టి, రేపటి నుంచి నేనూ ఆయన వెంట వెళ్తాను. ఏం తాగుతారో నేనే చూసి మీకు చెప్తాను."

చప్పట్లు ఈసారి మగవాళ్ళు కూడా కొట్టారు. హసింతో గారు నవ్వాడు. ఆయన నవ్వగా ఊరు చూడడం అదే మొదలు. బావ కూడా కొట్టాడు, నెమ్మదిగా.

మాట ప్రకారం అక్క రోజూ వెళ్తోంది. తార్సిలా పిన్ని బల్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. అక్కకి డాక్టరు ఒప్పుకున్న కప్పు కాఫీ. బావకి గ్లాసుడు ఒర్చాతా. తార్సిలా పిన్ని అది పోసేటప్పుడు ఆయన వైపు చూడదు. అక్క తన కాఫీ ఊదుకుంటూ, రొట్టె ముంచుకుంటూ, తీరిగ్గా తాగుతుంది. అడుగున ఒక్క గుక్క ఉండగా కప్పు బావ వైపు పెట్టి, ఆకులు ఏరడానికి ఎదుటి వరసకి వెళ్తుంది. ఏరడానికి అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే అటు తిరిగి ఉంటుంది.

తిరిగొచ్చి ఖాళీ కప్పులోకి చూసి, దాన్ని తార్సిలా పిన్నికి అందిస్తుంది.

ఇవాళ ఒర్చాతాలో నిమ్మరసం ఎక్కువైంది, అంటాడు బావ మూతి తుడుచుకుంటూ.