కోడికూరకు వచ్చిన చిక్కు

ఆ ఉదయం ధర్మరాజు చర్చిలో రోజువారీ పూజ ఎగ్గొట్టి మరీ రాజోలు వెళ్లి నాటుకోడి తెచ్చాడు. కూతురి పెళ్లి తేదీ ఖాయం చేయడానికి దిండి నుంచి కాబోయే వియ్యంకుడు సూర్యప్రకాశరావు భోజనానికి వస్తున్నాడు. “చెల్లెమ్మగారి చేతి కోడికూర తిన్నాకే తేదీ అండోయ్!” అని ఆయన ముందే నవ్వుతూ అన్నాడు. ధర్మరాజుకి అందులో నవ్వేమీ కనపడలేదు.

కూర దించుతూ భార్య విజయకుమారి నాలుక కరుచుకుంది. “ఏవండీ, ఇవాళ శుక్రవారం కదండీ!”

ధర్మరాజు చటుక్కున గిన్నె మీద మూత పెట్టేశాడు. ఈస్టరు ముందు తపస్సుకాలంలో శుక్రవారం మాంసం ముట్టరాదని క్యాథలిక్ తిరుసభ నియమం. ఊరందరికీ దాన్ని నూరిపోసేది తనే. పోయిన శుక్రవారం పక్కింటి అంజిబాబు కంచంలో కోడిగుడ్డు చూసి, “నరకానికి పోతావయ్యా!” అని పదిమందిలో కడిగేశాడు కూడా. వియ్యంకుడా, వాళ్ల చర్చికి పెద్ద. ఈ కూర చూస్తే సంబంధం గోదాట్లో కలిసినట్టే.

“అంజిబాబు ఇంట్లో పెట్టేసి రా. రేపు తెచ్చుకుందాం.”

“మరి వాసనండీ?”

“సాంబ్రాణి వెయ్యి.”

ఆవిడ సిగ్గుతో అంజిబాబు వంటింట్లో గిన్నె పెట్టి, మాటా పలుకూ లేకుండా తిరిగొచ్చి, ఇల్లంతా సాంబ్రాణి దట్టించింది. సూర్యప్రకాశరావు ఆ పొగ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అయ్యయ్యో! ఎప్పుడు పోయేరండీ?”

“ఎవరూ పోలేదండీ బావగారూ, రండి!”

విస్తట్లో దోసకాయపప్పు పడింది. ఆయన వంటింటి వైపు రెండుసార్లు చూశాడు.

“నియమం కదండీ,” అన్నాడు ధర్మరాజు గర్వంగా.

“ఆయ్. తేదీ సంగతి తరవాత కబురెడతానండి.”

ధర్మరాజు గబగబా ఇంకాస్త పప్పు వడ్డించాడు. అంతలో పొగ చూసి ఫాదర్ శ్యామ్ బాబు మూతి తుడుచుకుంటూ పరుగున వచ్చాడు.

“ఏమైందండీ? అంజిబాబు ఇంట్లో భోంచేస్తున్నాను. గుడ్డు గొడవకి క్షమాపణగా మీరే కూర పంపేరటగా! అమోఘం!”

“ఫాదర్! శుక్రవారం మాంసమా?” అన్నాడు ధర్మరాజు.

“ఇవాళ ఏసుప్రభువు పెంపుడు తండ్రి జోజప్పగారి మహోత్సవం కదండీ! పొద్దున్న పూజలో చెప్పేను, మీరు రాలేదు. ఇది మోషేకి దేవుడిచ్చిన ఆజ్ఞ కాదు, సభ పెట్టుకున్న నియమం. మహోత్సవమొస్తే సభే సడలించింది. అన్నట్టు, గుడ్డు ఏ శుక్రవారమూ మాంసం కాదండి.”

సూర్యప్రకాశరావు విస్తరి ముందు నుంచి లేచాడు. “పండగనే నేను ఇవాళ భోజనానికొస్తానన్నానండీ! పదండి, కూరున్న చోటే మాట్లాడుకుందాం.”

పెళ్లి తేదీ అంజిబాబు ఇంట్లో ఖాయమైంది. కూర సరిగ్గా వియ్యంకుడి వరకే సరిపోయింది. ధర్మరాజుకి అంజిబాబు ఎంతో మర్యాదగా కోడిగుడ్డు వడ్డించాడు.